యాకాన్ రెండో ఏడు: తినే దుంప వేరు, నాటే దుంప వేరు

పోయినేడు చేసిన తెలివితక్కువ పని ముందు చెప్పేస్తాను, ఎందుకంటే ఈ ఏడు నేను చేసిందంతా దాన్ని సరిదిద్దుకోవడమే. మొదటిసారి యాకాన్ (పండులా పచ్చిగా తినే దుంప పంట) తవ్వినప్పుడు చిలగడదుంపల్లాంటివి లావుగా అరడజను వచ్చాయి, వాటికి పైన, కాండం మొదట్లో, అల్లం కొమ్ముల్లా గుంపుగా ఏవో ఎర్రటి ముద్దలు. లావుగా ఉన్నవాటిలో మంచివి మూడు ఏరి, విత్తనానికని ఇసుకలో దాచాను. ఎర్ర ముద్దలు తినడానికి పనికొచ్చేలా లేవని కంపోస్ట్ కుప్పలో పడేశాను. రెండున్నర నెలల తర్వాత ఇసుక తీసి చూస్తే దాచిన మూడూ వేలు పెడితే దిగబడేంత మెత్తబడ్డాయి, ఒక్క మొలక లేదు. కంపోస్ట్ కుప్ప తిరగేస్తుంటే మాత్రం కుళ్ళిన ఆకుల కింద గోరంత ఊదారంగు మొలకలు ఏడెనిమిది కనిపించాయి. పారేసిందే విత్తనం అన్నమాట.

యాకాన్‌కి నేల కింద రెండు రకాలు ఉంటాయి. లావుపాటివి నిల్వ వేర్లు, వాటికి కన్ను, అంటే మొలక వచ్చే చోటు, ఉండదు, చిలగడదుంపకి వచ్చినట్టు వాటికి మొలక రాదు. మళ్ళీ మొక్క వచ్చేది కాండం మొదట్లో ఉండే ఆ ఎర్ర ముద్దల నుంచే. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించింది కానీ, నిజం చెప్పాలంటే నేనూ ఎవర్నీ అడగలేదు.

కంపోస్ట్‌లో దొరికిన వాటిని కత్తితో ముక్కలు చేశాను, ఒక్కో ముక్కకి కనీసం రెండు కళ్ళు ఉండేలా. కోసిన చోటు ఆరడానికి రెండు రోజులు నీడలో ఉంచి, ముందు చిన్న కుండీల్లో పెట్టి, నాలుగైదు ఆకులు వచ్చాక, మార్చి నెల చివర్లో 40 లీటర్ల గ్రో బ్యాగుల్లోకి మార్చాను. మొత్తం మూడు బ్యాగులు. మట్టి, కోకోపీట్, బాగా మాగిన కంపోస్ట్ దాదాపు సమానంగా కలిపాను. మట్టి వదులుగా ఉండాలి, గట్టిపడితే వేర్లు వంకర్లు పోతాయి.

ఎండాకాలం నడిచినన్నాళ్ళూ ఒకటే టెన్షన్. అరచేయి కంటే పెద్ద ఆకులు కదా, మధ్యాహ్నానికి తడిగుడ్డల్లా వేలాడిపోయేవి. మొదట్లో కంగారుపడి ప్రతిసారీ నీళ్ళు పోసేవాణ్ణి, తర్వాత అర్థమైంది ఏంటంటే మట్టిలో రెండంగుళాల లోతున తడి ఉంటే సాయంత్రానికి అవే లేస్తాయి, లేవకపోతేనే పోయాలి. మూడో బ్యాగుని పడమటి ఎండ నేరుగా తగిలే చోట పెట్టడం నా తప్పే. దానికి ఎర్రనల్లి పట్టింది, ఆకు మీద పిన్నుతో గుచ్చినట్టు తెల్లటి చుక్కలు, అడుగున సన్నటి గూడు. మందులు కొట్టలేదు, రోజు విడిచి రోజు ఉదయాన్నే ఆకుల అడుగుభాగం నీటి ధారతో కడిగాను. నల్లి తగ్గింది కానీ మొక్క మాత్రం మళ్ళీ పూర్తిగా కోలుకోలేదు.

నవంబరులో పైన చిన్న చిన్న పసుపు పూలు వచ్చాయి, పొద్దుతిరుగుడు కుటుంబమే అయినా పువ్వు చూస్తే పాపం చెల్లెలి చెల్లెలిలా ఉంటుంది. డిసెంబరులో ఆకులు పసుపెక్కి ఎండటం మొదలయ్యాక తవ్వాను. కాండం పట్టుకుని లాగకండి. ఈ వేర్లు ముల్లంగి కంటే పెళుసు, పోయినేడు లాగినప్పుడు సగం విరిగి మట్టిలోనే ఉండిపోయాయి. ఈసారి బ్యాగుని పక్కకి కోసేసి, మట్టిని చేత్తో రాల్చాను. మొదటి బ్యాగులో 2.7 కిలోలు, రెండోదాంట్లో 2.1, పడమటి దాంట్లో 600 గ్రాములు. రెండోదాంట్లో మూడు వేర్లు నిలువునా పగిలాయి, నేను నాలుగు రోజులు ఊళ్ళో లేకుండా పోయి వచ్చి ఒకేసారి బకెట్ నీళ్ళు పోసిన ఫలితం అనుకుంటున్నాను.

తవ్విన రోజే తింటే చప్పగా ఉంటుంది, అది చూసి తీసిపారేయొద్దు. వారం పాటు ఎండ తగిలేలా ఉంచితే తోలు కాస్త ముడతపడి లోపల తీపెక్కుతుంది, అందులో ఉండే ఫ్రక్టాన్లు (చక్కెరలు గొలుసుగా కలిసిన పదార్థాలు) కొంత మామూలు చక్కెరలుగా విడిపోవడం వల్ల. అప్పుడు బేరిపండుకీ పుచ్చకాయకీ మధ్యలో ఉంటుంది రుచి. తోలు చేదు, తీసేయాలి. తీసిన వెంటనే రంగు మారుతుంది కాబట్టి నిమ్మరసం పిండిన నీళ్ళలో వేయాలి. తీపెక్కినా ఫ్రక్టాన్లు చాలావరకు అలాగే ఉంటాయి, వాటిని మనం అరిగించుకోలేం, పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెడుతుంది. బాగుంది కదా అని మొదటి రోజే ఒక పెద్దది మొత్తం తిన్నాను, రాత్రంతా కడుపులో డోలు.

ఈ పాఠం డాలియాకి బాగా పనికొచ్చింది. డాలియా దుంపలు తినొచ్చని చాలామందికి తెలియదు. కానీ పూలకోసం అమ్మే దుంపలకి ఏ మందులు కొట్టారో మనకి తెలియదు కాబట్టి కొన్నవి తినకండి, మన చేత్తో ఒక ఏడు పెంచినవైతే ఫరవాలేదు. ఇక్కడ కన్ను దుంప మీద ఉండదు, పాత కాండానికి అతుక్కునే మెడ దగ్గర ఉంటుంది. మెడ విరిగిందంటే దుంప ఎంత లావుగా ఉన్నా మొలవదు. నా గుత్తి విడదీస్తే 11 వచ్చాయి, అందులో కన్ను కనిపించినవి ఐదే. ఆ ఐదూ కుండీకి, మిగిలిన ఆరూ వంటింటికి. రుచి రకాన్ని బట్టి మారుతుంది. నా ఎర్రపూల రకం ఉడికించి ఉప్పు చల్లితే బాగానే ఉంది కానీ నార ఎక్కువ, తెల్లపూలది మాత్రం నీళ్ళలో నానిన అట్టముక్కే.

ఓకా అనే ఇంకో దుంప మొక్క గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పగటి సమయం 12 గంటల కంటే తగ్గితేగానీ అది దుంప పట్టదు, అంతవరకు ఎండని తట్టుకుని బతకాలి, నాది జూన్‌లోనే పోయింది.

ఏపియోస్ మీద మాత్రం నాకు ఆశ ఉంది. చిక్కుడు కుటుంబంలోని తీగ, దుంపలు దారానికి గుచ్చిన పూసల్లా వరసగా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మొదటి ఏడే చేతి దురద ఆపుకోలేక ఒక బ్యాగు తవ్వాను, పెద్దది వేరుశనగ కాయంత, మిగతావి బఠాణీలు. రెండో ఏడు చివర తవ్వితేనే తినే సైజు వస్తాయట, అందుకే ఇంకో బ్యాగుని ముట్టుకోలేదు. వీటిని పచ్చిగా తినకూడదు, బాగా ఉడికించాలి.

ఆకుల్లో ఈ ఏడు ఎదురుదెబ్బ టారగాన్, వంటలో వాసనకి వేసే ఆకు. విత్తనాలు కొన్నాను, చక్కగా మొలిచాయి, మూడడుగులు పెరిగాయి, నలిపితే గడ్డివాసన. తర్వాత తెలిసింది, వంటకి వాడే ఫ్రెంచ్ రకం దాదాపు మొలిచే విత్తనమే కట్టదు, కొమ్మ గానీ వేరుముక్క గానీ తెచ్చుకోవాల్సిందే, విత్తనంగా దొరికేది రష్యన్ రకం. నాటే ముందు ఒక ఆకు నమిలి చూస్తే తేడా పట్టేయొచ్చు, ఫ్రెంచ్ అయితే సోంపు రుచితో పాటు నాలుక కొద్దిగా తిమ్మిరెక్కుతుంది. వేడి ఎక్కువున్న చోట అది కూడా సరిగ్గా బతకదు కాబట్టి ప్రస్తుతానికి మెక్సికన్ టారగాన్ పెట్టుకున్నాను. అది నిజానికి బంతి జాతి మొక్క, వాసన దగ్గరగా ఉంటుంది, చిన్న పసుపు పూలు కూడా తినొచ్చు.

పూలలో డేలిలీ మొగ్గలు తొలిసారి తిన్నాను, ఉడికిస్తే పచ్చి బీన్స్‌లా ఉన్నాయి. ఇక్కడ పొరపాటు పడకూడదు. డేలిలీకి పొడవాటి ఆకులు నేల నుంచే విసనకర్రలా వస్తాయి. అసలు లిల్లీకి నిలువు కాండం పొడవునా ఆకులుంటాయి, కింద పొరల గడ్డ ఉంటుంది, దాని పూలు తినకండి. ఇంట్లో పిల్లి ఉంటే రెండూ పెట్టొద్దు, దానికి రెండూ విషమే.

ఇప్పుడు యాకాన్ ముద్దలు 14 ముక్కలు తడి ఇసుకలో ఉన్నాయి, పది రోజులకోసారి తీసి చూస్తున్నాను. నిన్న ఒకదాని మీద బియ్యపుగింజంత ఊదా మొన కనబడింది. ఈసారి డబ్బా మీద "ఇదే విత్తనం" అని మార్కర్‌తో పెద్దగా రాసి పెట్టాను.