వాషింగ్ మెషీన్ అమ్మబోయి ఆరున్నర వేలు ఇచ్చుకున్నాను

గత ఏడాది విజయవాడలో ఇల్లు మారినప్పుడు, కొత్త ఇంట్లో పట్టని వాషింగ్ మెషీన్‌నూ, ఎనిమిదేళ్లుగా నడుపుతున్న స్కూటర్‌నూ ఆన్‌లైన్ ప్రకటనల యాప్‌లో అమ్మకానికి పెట్టాను. ఇలాంటి చోట్ల మోసపోయేది కొనేవాడే గాని అమ్మేవాడు కాదని నాకు గట్టి నమ్మకం ఉండేది. వస్తువు నా ఇంట్లోనే ఉంది, డబ్బు చేతికందితే తప్ప గడప దాటనివ్వను, ఇక నాకొచ్చే నష్టమేమిటని ధీమాగా ఉన్నాను.

వాషింగ్ మెషీన్ ప్రకటన పెట్టిన పావుగంటకే ఫోన్ వచ్చింది. హిందీలో మాట్లాడిన ఆ వ్యక్తి తాను సైన్యంలో పనిచేస్తున్నాననీ, ఈమధ్యే బదిలీ మీద ఇటు వచ్చాననీ చెప్పి, యూనిఫాం వేసుకున్న ఫొటోనూ గుర్తింపు కార్డునూ వాట్సాప్‌లో పంపించాడు. నేను చెప్పిన 6,500 రూపాయల్లో ఒక్క రూపాయి తగ్గించమని కూడా అడగలేదు. కొత్తిమీర కట్ట దగ్గర సైతం బేరమాడే ఊళ్లో పెరిగినవాణ్ణి కాబట్టి ఆ ఒక్క మాటకే నాకు అనుమానం రావలసింది. రాలేదు సరికదా, ఎంత పెద్దమనిషి తరహానో అనుకున్నాను. సైనికుడి వేషాన్నే ఎందుకు ఎంచుకుంటారో తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఆ మాట వినగానే మనకు గౌరవం కలుగుతుంది, పైగా వస్తువు చూడటానికి ఎందుకు రాలేదని అడగబోతే, క్యాంపు వదిలి రావడానికి వీలుపడదన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఇల్లు అద్దెకిస్తామని ప్రకటన ఇచ్చినవారికి కూడా, చూడకుండానే అడ్వాన్సు పంపిస్తామంటూ ఇదే కథ చెబుతారు.

ముందు నమ్మకం కోసమని ఒక రూపాయి పంపించాడు, అది నిజంగానే నా ఖాతాలో పడింది. ఆ తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపించి, దాన్ని స్కాన్ చేసి పిన్ కొడితే మొత్తం సొమ్ము జమ అవుతుందన్నాడు. కొట్టాను, 6,500 పోయాయి. సర్వర్‌లో ఏదో పొరపాటు జరిగిందనీ, ఇంకోసారి స్కాన్ చేస్తే రెండూ కలిపి 13,000 వస్తాయనీ అతను చెబుతుంటే, నేను రెండోసారి కూడా సిద్ధపడుతున్నాను. పక్క గదిలో సామాన్లు సర్దుతున్న మా ఆవిడ, "ఏమండీ, మనకు రావలసిన డబ్బుకు మన పిన్ ఎందుకండీ?" అని అడిగింది.

2016లో యూపీఐ మొదలైన నాటి నుంచీ పిన్ అన్నది మన ఖాతాలోంచి డబ్బు బయటికి పంపడానికి మనమిచ్చే అనుమతి. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టవలసిన పని గాని, కోడ్ స్కాన్ చేయవలసిన పని గాని లేదు. ఇది నాకు తెలియనిది కాదు, రోజూ కిరాణా కొట్లో చేస్తున్న పనే. ఆ రోజు ఫోన్ తెర మీద కూడా చెల్లింపు అనే ఉండి ఉంటుంది, నేను చదవలేదు. అతను ఫోన్ పెట్టనివ్వకుండా, మాటకు మాట అందిస్తూ, త్వరపెడుతూ ఉంటే నా చెవి విన్నదాన్నే వేలు చేసింది. కాబట్టి ఇప్పుడు డబ్బు వ్యవహారం వచ్చిన చోట నేను ముందుగా చేసే పని ఆ ఫోన్ కాల్ ఆపేయడం. డబ్బు ఇమ్మని అడుగుతూ వ్యక్తులు ఒకరికొకరు పంపుకొనే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ నిలిపివేయడంతో ఒక దారి మూసుకుపోయింది గాని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసేది మన చేయే కనుక ఆ రెండో దారి తెరిచే ఉంది. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపించేవారూ, పొరపాటున ఎక్కువ పంపాం, మిగతాది తిరిగి ఇవ్వండంటూ దొంగ మెసేజీ పెట్టేవారూ ఉన్నారు. వారి విషయంలో బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూసుకోవడం ఒక్కటే ఆధారం.

నేను చేసిన రెండో తప్పు సిగ్గుపడటం. సైబర్ నేరాల నంబరు 1930కి వెంటనే ఫోన్ చేసి ఉంటే, ఆ సొమ్ము ఇంకో ఖాతాకు దాటకముందే నిలిపివేసే అవకాశం ఉండేది. నలుగురికీ తెలుస్తుందన్న బెరుకుతో మర్నాటి దాకా ఆగాను. డబ్బు తిరిగి రాలేదు.

దాంతో స్కూటర్ విషయంలో మరీ చాదస్తంగా తయారయ్యాను. బండి చూడటానికి వచ్చిన మొదటి వ్యక్తి ఒక దళారి. బండి చేతులు మారినప్పుడు రవాణా శాఖకు ఇచ్చే 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేస్తే పేరు మార్పిడి తానే చూసుకుంటానన్నాడు. కొన్నవారి పేరు రాయని ఆ ఫారాలతో బండి ఎన్ని చేతులు మారినా రిజిస్ట్రేషన్ నా పేరునే ఉంటుంది. అలా పలుమార్లు చేతులు మారిన ఒక కారు ప్రమాదం కేసులో, రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని అనీ, పరిహారం బాధ్యత వారిదేననీ సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. అమ్మినవారు 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది, కొన్నవారికి 30 రోజుల గడువుంది. ఈ గడువు సంగతి తెలిసినవారు మా వీధిలో ఒక్కరూ లేరు.

చివరికి స్కూటర్‌ను ఒక కాలేజీ కుర్రాడు, వాళ్ల నాన్నగారితో కలిసి వచ్చి కొన్నాడు. బ్యాంకు ఆవరణలోనే కలుసుకున్నాం. వాళ్లు కూడా ఆర్సీ మీద అప్పు ఏమైనా నమోదై ఉందా, చలాన్లు బాకీ ఉన్నాయా, ఛాసిస్ నంబరు సరిపోయిందా అని అన్నీ చూసుకున్నారు. నాకు అది నచ్చింది. బండి అప్పగించిన తేదీతో పాటు సమయం కూడా రాసి ఇద్దరం సంతకాలు చేసుకున్నాం.

ఆ కుర్రాడే తర్వాత పాత ఫోన్ కొనాలంటూ నా సలహా అడిగితే, స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కి ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఈఐ నంబరు తెలుసుకోమనీ, కేవైఎం అన్న ఇంగ్లిషు అక్షరాల పక్కన ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు మెసేజీ పంపమనీ చెప్పాను. బ్లాక్ లిస్టులో ఉందనో, ఇదే నంబరు వేరే చోట వాడుకలో ఉందనో జవాబు వస్తే ఎంత చవకైనా వదులుకోవలసిందే. బిల్లు అడిగితే చిరాకుపడే మనిషి దగ్గర అసలు కొనకపోవడం మేలని నా అభిప్రాయం.

స్కూటర్ అమ్మిన పదకొండో రోజున నా ఫోన్‌కు చలాను మెసేజీ వచ్చింది, హెల్మెట్ లేకుండా బెంజ్ సర్కిల్ దగ్గర ఫొటో పడింది. తేదీ, సమయం ఉన్న ఆ కాగితాన్నీ చలానునూ కలిపి వాళ్ల నాన్నగారికి పంపించాను. సాయంత్రానికల్లా డబ్బు కట్టేసి, మరో రెండు వారాలకు తమ పేరున వచ్చిన ఆర్సీ ఫొటో పంపించారు. ఆ కాగితం ఇంకా నా బీరువాలోనే ఉంది.