అమ్మ వీసా ఫోటో, నాన్న పంచె

చెల్లి పురిటికి అమ్మ అమెరికా వెళ్ళాలి. ఆన్‌లైన్ వీసా దరఖాస్తు, డీఎస్-160 ఫారం, రెండు రాత్రుల్లో నింపేశాను గానీ ఫోటో దగ్గర ఆగిపోయాం. గుంటూరులో ఒక స్టూడియోలో తీయిస్తే మామూలు పాస్‌పోర్ట్ సైజులో, 35×45 మిల్లీమీటర్లది ఇచ్చారు. అమెరికా వీసాకి కావాల్సింది చదరపు ఫోటో, రెండంగుళాలకు రెండంగుళాలు. పైగా అమ్మ ముఖానికి పౌడరు కొట్టినట్టు తెలుపు పూశారు. ఫోటోని ఎడిట్ చేసి మనిషి రూపం మార్చకూడదని రూల్స్‌లోనే ఉంది. ఇంట్లోనే ఫోన్‌తో తీద్దామనుకున్నాను.

బ్రాడీపేటలో మా ఇంట్లో తెల్లగోడ ఒక్కటీ లేదు. నాన్న పంచె తెచ్చి వరండాలో కట్టాను. "కల్యాణానికని దాచుకున్నది రా అది" అని ఆయన గొణుగుడు. మడతలు ఫోటోలో నిచ్చెన మెట్లలా పడ్డాయి. నీళ్ళు చిలకరించి మళ్ళీ ఇస్త్రీ చేయాల్సి వచ్చింది. అమ్మని పంచెకి ఆనించి కూర్చోబెడితే వెనక నీడ పడింది, మూడడుగులు ముందుకి జరిపితే పోయింది. వెలుతురు ఎదురుగా రావాలి, ఎండ మాత్రం ముఖాన పడకూడదు. మా వరండాలో అది పొద్దున ఎనిమిదిన్నర లోపే కుదురుతుంది.

అసలు తంటా కళ్ళజోడుతో. 2016 నవంబరు నుంచి వీసా ఫోటోల్లో కళ్ళజోడు ఉండకూడదు. తీసేస్తే అమ్మ ముక్కు మీద రెండు ఎర్రటి గుంటలు. అవి తగ్గేదాకా కాఫీ తాగాం. జోడు లేకుండా ఆమెకి నాలుగడుగుల అవతల ఏదీ ఆనదు. కెమెరా పక్కన ఎర్ర స్టిక్కర్ బొట్టు అంటించి "అది చూడమ్మా" అన్నాను. "ఏదిరా, కనపడితేగా!" అని కళ్ళు చికిలించింది. చివరికి స్టూలు మీద ఫోన్‌ని ఆమె కళ్ళ ఎత్తులో నిలబెట్టి, దాని వెనకే కూర్చుని, "నా గొంతు వైపు చూడు" అన్నాను. అప్పుడు సూటిగా చూసింది.

నలభై ఫోటోలు తీశాక తెలిసింది, అమ్మ ఎడమ బుగ్గ మీద కందిగింజంత పుట్టుమచ్చ ఒక్కదాంట్లోనూ లేదు. నా ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉంది! అమ్మకేమో అవే నచ్చాయి. ఆ మోడ్ ఆపి అన్నీ మళ్ళీ తీశాను. దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదవుతోందని ఐదడుగుల దూరం జరిగి కొంచెం జూమ్ చేశాను.

ఇక కత్తిరింపు. గడ్డం నుంచి నడినెత్తి దాకా ఫోటో ఎత్తులో 50 నుంచి 69 శాతం ఉండాలి. సైజు 600 నుంచి 1200 పిక్సెళ్ళ చదరం, జేపెగ్, 240 కేబీ దాటకూడదు. పంచె ఇంకా తెల్లగా కనపడాలని ఒక యాప్‌లో పెడితే జూకాతో సహా చెవి సగం తినేసింది. దాన్ని వదిలేసి పంచెనే నమ్ముకున్నాను. రెండోసారి అప్‌లోడ్ చేస్తే ఫారం తీసుకుంది.

ఎందుకైనా మంచిదని రెండు ప్రింట్లు తీయిద్దామని అరండల్‌పేట వెళ్ళాను. కంప్యూటర్ ముందున్న కుర్రాడు ఫోటో చూసి, "ముఖం కాస్త డల్‌గా ఉంది సార్, బ్రైట్‌నెస్ పెంచనా?" అన్నాడు. నేను వద్దనేలోపే వాడి చేయి మౌస్ మీదుంది.