జాకెట్ లోపలి లేబుల్: ఏం చెబుతుంది, ఏం చెప్పదు

బైక్ జాకెట్‌కి 'సీఈ ఉందా', అంటే ఐరోపా భద్రతా నిబంధనలకు తగినదని చూపే గుర్తు ఉందా అని అడిగితే ప్రతి అమ్మకందారూ ఉందనే అంటాడు. అడగాల్సింది 'దేనికి ఉంది' అని. చాలా జాకెట్లలో ఆ గుర్తు ఉండేది భుజాల్లో, మోచేతుల్లో పెట్టిన ప్యాడ్లకు మాత్రమే. చుట్టూ ఉన్న బట్టను ఎవరూ పరీక్షించి ఉండరు. 'సీఈ ఆర్మర్ (అంటే ఆ ప్యాడ్లు) ఉన్న జాకెట్' వేరు, 'సీఈ పొందిన జాకెట్' వేరు.

తేడా పట్టుకోవడం సులువే. లోపల కుట్టిన లేబుల్ మీద బైక్ నడిపే మనిషి బొమ్మ, ఈఎన్ 17092 అనే ఐరోపా ప్రమాణం సంఖ్య, ఆ పక్కన తరగతి అక్షరాలు ఉండాలి. ఈ మూడూ కలిసి ఉంటేనే జాకెట్‌ను పరీక్షించినట్టు. ఐరోపాలో 2018 ఏప్రిల్ 21 నుంచి అమల్లో ఉన్న 2016/425 నిబంధన ప్రకారం తయారీదారు అనుగుణ్యతా పత్రాన్ని (వస్తువు నిబంధనలకు తగినట్టుందని రాసిచ్చే పత్రం) పెట్టెలో పెట్టాలి, లేదా అది దొరికే వెబ్ చిరునామా ఇవ్వాలి. రెండూ లేకపోతే ఆ లేబుల్‌ని నమ్మనక్కర్లేదు.

ఇక అక్షరాల సంగతి. 2020లో వచ్చిన ఈఎన్ 17092 దుస్తుల్ని ఏఏఏ, ఏఏ, ఏ, బీ, సీ అని విడదీస్తుంది. బట్ట ముక్కల్ని గిరగిరా తిప్పి కాంక్రీటు పలక మీద వదులుతారు. అవి రాసుకుంటూ ఆగేసరికి 5 మిల్లీమీటర్ల కంటే పెద్ద చిల్లు పడకూడదు. జారిపడితే నేలకు ముందుగా తగిలే భుజాలు, మోచేతులు, తుంటి, మోకాళ్లు ఒకటో జోన్. అక్కడి బట్టను ఏఏఏకి గంటకు 120, ఏఏకి 70, ఏకి 45 కిలోమీటర్ల వేగంతో వదులుతారు. రెండో జోన్‌లో ఇవే 75, 45, 25. నేలకు తగిలే అవకాశం తక్కువుండే మూడో జోన్‌లో 45, 25. 'ఏ' అక్షరం తరగతికి మాత్రం మూడో జోన్‌లో అరుగుదల పరీక్షే లేదు.

అంటే ఏఏఏ జాకెట్ కూడా అంతటా ఏఏఏ గట్టిదనం ఉన్నది కాదు. ఈ 120ని చూసి 'నూట ఇరవైలో పడ్డా ఏమీ కాదు' అనుకునేవాళ్లు ఉన్నారు. అది యంత్రం మీద బట్ట ముక్క వేగం. రోడ్డు మీద గరుకు వేరు, మనిషి బరువు వేరు, మధ్యలో తగిలే డివైడర్ వేరు. ఒక తరగతిని ఇంకో తరగతితో పోల్చడానికి మాత్రం ఆ సంఖ్య చక్కగా పనికొస్తుంది. శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, ఏఏఏ ముక్క తట్టుకునేది ఏఏ కంటే దాదాపు 3 రెట్లు, ఏ కంటే 7 రెట్లు.

బీ, సీ దగ్గర జాగ్రత్త. బీ అంటే అరుగుదలలో ఏతో సమానం, ప్యాడ్లు మాత్రం ఉండవు. సీ అంటే ప్యాడ్లను ఒంటికి పట్టి ఉంచే వల చొక్కా లాంటిది, దానికి అరుగుదల రక్షణ లేదు. దాని మీద ఇంకో జాకెట్ వేసుకోవాల్సిందే. సీ చొక్కా ఒక్కటే వేసుకుని బండెక్కితే చర్మానికీ రోడ్డుకీ మధ్య వల తప్ప ఏమీ లేదు.

ప్యాడ్లకు వేరే ప్రమాణం ఉంది. భుజం, మోచేయి, తుంటి, మోకాలికి ఈఎన్ 1621-1. 50 జౌల్స్ దెబ్బ కొట్టి, అవతలి వైపుకి సగటున ఎంత బలం దాటిందో కొలుస్తారు. లెవెల్ 1కి 35 కిలోన్యూటన్లు, లెవెల్ 2కి 20 మించకూడదు. వీపు ప్యాడ్‌కి ఈఎన్ 1621-2, అందులో హద్దులు 18, 9. కాబట్టి జాకెట్ తరగతి ఏఏఏ అయినా లోపల లెవెల్ 1 ప్యాడ్లు ఉండొచ్చు. రెండూ విడివిడిగా చదవాలి. వీపు ప్యాడ్‌ని ఈఎన్ 17092 ఏ తరగతికీ తప్పనిసరి చేయలేదు. అందుకే వీపు జేబులో పల్చటి స్పాంజి ముక్క పెట్టి అమ్ముతుంటారు. బయటికి తీసి చూడండి, దాని మీద ప్రమాణం సంఖ్య లేకపోతే అది ఆకారం కోసం పెట్టిందే. 'ఏ' అక్షరం తరగతి ప్యాంట్లలో తుంటి ప్యాడ్లు కూడా ఐచ్ఛికమే. ప్యాడ్ల సైజులో చిన్న ముక్కలతో సరిపెట్టే టైప్ ఏ, విశాలంగా కప్పే టైప్ బీ అని మరో తేడా ఉంది (ఇవి జాకెట్ తరగతులు కావు), చోటు పడితే టైప్ బీయే తీసుకోండి.

ప్యాడ్ మీద టీ+ అని ఉంటే 40 డిగ్రీల వేడిలో, టీ− అని ఉంటే మైనస్ 10లో కూడా పరీక్షించినట్టు. వేడికి మెత్తబడే నురగ ప్యాడ్లలో ఇది అలంకారం కాదు. మెత్తబడ్డ నురగ దెబ్బను ఎక్కువగా లోపలికి పంపిస్తుంది. ఎండలో తిరిగేవాళ్లు టీ+ వెతుక్కోవాలి.

లేబుల్ ఎన్నటికీ చెప్పలేనిది ప్యాడ్ మీ ఒంటి మీద ఎక్కడ కూర్చుంటుందో. దుకాణంలో నిలబడి కాదు, బండి మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకున్న భంగిమలో చూడాలి. మోచేతి ప్యాడ్ మధ్యభాగం మోచేతి ఎముక మొన మీద ఉండాలి. మోకాళ్లు మడిచినప్పుడు ప్యాడ్ కప్పులో మోకాలి చిప్ప ఇమడాలి. తర్వాత ఇంకొకరితో మణికట్టు దగ్గర చేతిని పట్టుకుని పైకి లాగించండి. ప్యాడ్ రెండు వేళ్ల మేర జరిగితే ఆ సైజు మీది కాదు, ఎంత ఖరీదైన జాకెట్ అయినా సరే. జారుతూ పడేటప్పుడు జాకెట్ పైకి లేచి నడుం బయటపడుతుంది, దానికోసమే జాకెట్‌ని ప్యాంటుకి కలిపే జిప్పు. కొని కూడా వాడకపోతే లాభం లేదు.

ఇంకో తరచు లోపం కుట్లు. బట్ట నిలబడి కుట్టు విడిపోతే ఫలితం చిల్లుతో సమానమే. బయటికి కనిపించే ఒక్క వరస కుట్టు మొదటి క్షణంలోనే రోడ్డుకి అరిగిపోతుంది. కనీసం ఒక వరస లోపల దాగి ఉండాలి. లోపలి పక్క తిప్పి చూస్తే తెలుస్తుంది. ఆస్ట్రేలియాలో ప్రమాదాలకు గురైన 212 మంది రైడర్లపై జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో బైక్ జాకెట్లలో 29.7 శాతం, ప్యాంట్లలో 28.1 శాతం, గ్లౌజుల్లో 25.7 శాతం దెబ్బతిని విఫలమైనట్టు తేలింది. ఆ దేశంలో, న్యూజిలాండ్‌లో 2018 నుంచి మోటోక్యాప్ అనే కార్యక్రమం దుకాణాల్లో మామూలు కొనుగోలుదారుల్లాగే దుస్తులు కొని, పరీక్షించి, రక్షణకు, వేడిలో సౌకర్యానికి వేర్వేరు నక్షత్రాలు ఇస్తోంది. ఈ రెండో కొలమానం ముఖ్యం. చెమటతో తడిసి ఇంట్లో వదిలేసిన ఏఏఏ కంటే రోజూ ఒంటి మీద ఉండే ఏఏ మేలు.

గ్లౌజులకు ఈఎన్ 13594, లేబుల్‌పై లెవెల్ 1 లేదా 2. కేపీ అని ఉంటే పిడికిలి ముడుల మీది ప్యాడ్ పరీక్షకు నిలిచినట్టు. బూట్లకు ఈఎన్ 13634, దాని కింద నాలుగు అంకెలు: ఎత్తు, అరుగుదల, కోత, పక్కల నుంచి నొక్కితే ఓర్చే గట్టిదనం. ప్రతి అంకె 1 లేదా 2. నాలుగో అంకె 2 ఉన్నవే చూడండి. బండి కాలి మీద పడితే పాదం నలగకుండా కాపాడేది అదే.

ఉతికేటప్పుడు ప్యాడ్లు తీసేయండి, మళ్లీ పెట్టేటప్పుడు ఎడమ కుడి చూసుకోండి. కెవ్లార్ అనే గట్టి కృత్రిమ పోగులు ఎండకు బలం కోల్పోతాయి కాబట్టి అవి ఉన్న ప్యాంట్లను తిరగేసి నీడలో ఆరబెట్టాలి. ఒక్కసారి గట్టిగా పడ్డాక, పైకి ఏమీ కనిపించకపోయినా, దెబ్బ తగిలిన ప్యాడ్‌ని మార్చాలి. విరగని పాత ప్యాడ్‌ని వేలితో నొక్కి వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, నురగ పొడిగా రాలినా దాని పని అయిపోయినట్టే.