శనివారం పూట బర్టన్‌లో ఒక పింటు

ఇంగ్లండులో బీరుకి పేరుపడ్డ ఊరు బర్టన్ అపాన్ ట్రెంట్. బర్మింగ్‌హామ్‌లో రైలెక్కితే అరగంట ప్రయాణం. అయినా పదేళ్ళుగా బర్మింగ్‌హామ్‌లోనే ఉంటున్న మా బావ ఒక్కసారీ వెళ్ళలేదు. నేనే పోరుపెట్టి బయల్దేరదీశాను. శనివారం ఆయన నీచు ముట్టడు. బీరు మాత్రం ఆ లెక్కలోకి రాదట.

ఊరికి పేరు తెచ్చింది బావి నీళ్ళు. ఆ నీళ్ళనిండా జిప్సమే. వేరుశనగ ఊడలు దిగే వేళకి మా నాన్న చేలో చల్లేది కూడా అదే! దానివల్ల బీరులో వేసే హాప్స్ పూల చేదు నాలుకమీద జిడ్డుగా కూర్చోకుండా పొడిగా తేలుతుంది. 1820లలో ఇక్కడి పేల్ ఏల్ అనే లేతరంగు బీరు పీపాల్లో ఓడలెక్కి మన దేశంలోని దొరలదాకా వచ్చింది.

మొదటి పబ్‌లో పింటు, అంటే అరలీటరు పైచిలుకు బీరు, తీసుకున్నాం. పుల్లగా ఉంది. చల్లదనం లేదు, నురగ లేదు. ఇంగ్లీషువాళ్ళ రుచి ఇంతే కాబోలని సగం తాగేశాను కూడా. పక్క టేబుల్ పెద్దాయన నా మొహం చూసి, గ్లాసు వాసన చూసి, "ఇది పాడైంది, వెనక్కిచ్చెయ్" అన్నాడు. పీపాలో బీరుని పులియబెట్టే ఈస్ట్ ఇంకా బతికే ఉంటుందట. గ్యాస్ పట్టించరు, నేలమాళిగలోంచి చేతిపంపుతో లాగుతారు. ఒకసారి తెరిచాక మూడు రోజుల్లో అయిపోవాలి. పొద్దున దించిన కల్లు పొద్దుగూకేసరికి ఏమవుతుందో తెలిసినవాడిని, ఆ మాత్రం నాకే తట్టి ఉండాల్సింది.

రెండో పబ్‌లో ఈ ఊరి పాత బీరు డ్రాట్ బాస్ అడిగాను. ఆల్కహాలు 4.4 శాతం. దీని గుర్తయిన ఎర్ర త్రికోణం 1876లో బ్రిటన్‌లో నమోదైన మొట్టమొదటి ట్రేడ్‌మార్కు. గ్లాసు కిటికీకేసి పట్టి చూస్తే రాగిచెంబు రంగు, అవతల వీధి స్పష్టంగా కనిపిస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే అగ్గిపుల్ల గీసిన వాసన. అది లోపం కాదు, ఈ ఊరి నీళ్ళ గుర్తు. 12 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టే రుచి తెలిసింది: మొదట బిస్కెట్ లాంటి మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రుచి, కాస్త పండు తీపి, మింగాక చేదు. మెంతులు కొరికినంత కాదు, కాకరకాయ వేపుడు తిన్నాక మిగిలేపాటి. నురగ తొందరగా కూలిపోయింది, అందుకే పదికి ఏడే ఇచ్చాను. బావ తొమ్మిదిచ్చాడు.

ఇంత తేటగా ఎలా ఉంటుందని బార్ వెనకాల ఉన్నమ్మాయిని అడగడం నాదే తప్పు. మామూలుగా పీపాలో చేప గాలితిత్తితో చేసిన పదార్థం వేస్తారంది, అది ఈస్ట్‌ని పట్టుకుని అడుక్కి దిగుతుందట.

బావ గ్లాసు కింద పెట్టేశాడు. సగానికి పైనే ఉంది. కాసేపు దానికేసే చూశాడు.

"అడుక్కి దిగుతుందందిగా?"

"అవును బావా."

"అంటే పీపాలోనే ఉండిపోయింది కదరా!" అని గ్లాసెత్తాడు.