నిద్రలో వచ్చిన పక్షవాతం: ఎంఆర్‌ఐ గదిలో నా అనుభవం

తిరుపతిలో మా ఎంఆర్‌ఐ గదికి పక్షవాతం కేసు రాగానే నేను మొదట అడిగేది, "ఆఖరుగా బాగుండగా ఎన్నింటికి చూసినారు?" అని. "రాత్రి పదింటికి సంగటి తిని పడుకున్న్యాడు సార్, తెల్లారి లేపితే మూతి వంకర పోయుండాది" అంటారు పీలేరు నుంచో పలమనేరు నుంచో వచ్చినవాళ్లు. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు గడువు, పక్షవాతం మొదలైనప్పటి నుంచి 4.5 గంటలు. పదింటి నుంచి లెక్కేస్తే అది ఎప్పుడో దాటిపోయింది. కానీ పక్షవాతం తెల్లవారుజామున వచ్చి ఉండొచ్చు కదా. ఆ సంగతి స్కానే చెప్పాలి.

రక్తం అందని కణాలు ఉబ్బి, నీటి కదలిక తగ్గుతుంది. నిమిషాల్లోనే ఆ చోటు, నీటి కదలికను పట్టే డిఫ్యూజన్ బొమ్మలో తెల్లగా, ఆ కదలికను లెక్కగట్టి తీసే ఏడీసీ మ్యాప్‌లో నల్లగా కనబడుతుంది. ఏడీసీలో నలుపు లేకుంటే ఆ తెలుపు పాత మచ్చది కావచ్చు. ఫ్లెయిర్ అనే మరో రకం ఎంఆర్‌ఐ బొమ్మలో తెలుపు తేలడానికి మాత్రం గంటలు పడుతుంది. డిఫ్యూజన్‌లో ఉండి ఫ్లెయిర్‌లో లేదంటే, 4.5 గంటలు దాటి ఉండకపోవచ్చు. 2018లో వెలువడిన వేకప్ ట్రయల్ అనే అధ్యయనం ఇలాంటి రోగులనే ఎంచుకుని ఆ ఇంజెక్షన్ ఇచ్చి, మేలు జరుగుతుందని చూపింది.

చిక్కంతా ఫ్లెయిర్‌తోనే. డిఫ్యూజన్ ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది, కాస్త కదిలినా తట్టుకుంటుంది. ఫ్లెయిర్‌కు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఎడమ మెదడు దెబ్బతిని మాట అర్థం కాని మనిషికి మైకులో "కదలొద్దు" అంటే ఏం లాభం? తలకు రెండు పక్కలా ప్యాడ్లు బిగించి పెట్టాలి. ఒంటిమీద లోహమేదీ లేదని చూసుకుని, ఇంట్లోవాళ్లనొకరిని కాలు పట్టుకుని లోపలే నిలబెడతాను. ఆ స్పర్శకు చాలామంది కుదురుకుంటారు. బొమ్మ అలికినట్టు వస్తే లేత తెలుపు కనబడకుండా పోతుంది, గడువు ఉందని పొరబడతాం. అందుకే ఆ ఒక్క సీక్వెన్సే (ఆ రకం బొమ్మే) మళ్లీ తీస్తాను, మెదడు అవతలి పక్కతో పోల్చి చూడమని డాక్టర్‌కు చెబుతాను.

తర్వాత ఎస్‌డబ్ల్యూఐ అనే బొమ్మ: రక్తస్రావముంటే నల్లగా పడుతుంది. చివర్లో రక్తనాళాల యాంజియో. వీటికి కాంట్రాస్ట్ (బొమ్మ తేటగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు) అక్కర్లేదు. పర్ఫ్యూజన్ (మెదడులో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) అడిగితే మాత్రం ఆ మందు సెకనుకు 4, 5 మిల్లీలీటర్ల వేగంతో వెళ్లాలి; ముంజేతి మీద సన్నని నీలం క్యాన్యులా (నరంలో పెట్టే గొట్టం) ఆ ఒత్తిడికి ఆగదు. మోచేతి మడత దగ్గర అంతకన్నా లావైన గులాబీదో ఆకుపచ్చదో వార్డులోనే వేసి పంపాలి.

గదిలోకి తెచ్చేముందు మొలతాడుకున్న తాయెత్తు, చీర పిన్నులు, మెట్టెలు తీయించాలి. పేస్‌మేకర్ ఉందా అని అడగడమే కాదు, రొమ్ము మీద చెయ్యిపెట్టి చూడాలి. ఇనుప ఆక్సిజన్ సిలిండర్ గుమ్మం దాటకూడదు.

మెదడు కాండంలో (మెదడు వెన్నుపాముతో కలిసే చోట) చిన్న దెబ్బ మొదటి గంటల్లో డిఫ్యూజన్‌కూ దొరక్కపోవచ్చు. తల తిరుగుడు, మింగలేకపోవడం ఉంటే పలుచని స్లైసులతో ఇంకోసారి తీయడం మేలు.

రెండోసారి వచ్చేవాళ్లు పాత సీడీ తేవాలి. వారం పది రోజులకు ఏడీసీలో నలుపు మామూలు రంగుకు వచ్చేస్తుంది. పాతది పక్కన లేకుంటే దెబ్బ ఎప్పటిదో తేల్చడం కష్టం.