2 ఘాతం 67 తో మ్యాథ్స్ డే ప్రదర్శనకి వెళ్లొచ్చాం: నా అనుభవం

నిన్ననే ముగిసింది. కోపం ఇంకా చల్లారలేదు, అయినా రాస్తున్నాను. డిసెంబరు 22కి పిల్లలతో పెద్ద సంఖ్యల ప్రాజెక్టు చేయించాలనుకునే టీచర్లకి పనికొస్తుంది.

మా తొమ్మిదో తరగతి అమ్మాయిలిద్దరు తీసుకున్న సంఖ్య, 2 ఘాతం 67లోంచి 1 తీసేస్తే వచ్చేది: 147573952589676412927. ఇది ప్రధాన సంఖ్యేనని 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచ్ పండితుడు తన జాబితాలో చేర్చాడు. కాదని 1876లో లూకాస్ అనే గణితవేత్త నిరూపించాడు, కానీ ఆయన పద్ధతిలో కారణాంకాలు బయటపడవు. 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో జరిగిన అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశంలో కోల్ అనే గణితవేత్త 193707721ని 761838257287తో బోర్డు మీద గుణించి చూపించాడు. మా పిల్లలు చేసింది ఆ గుణకారమే, చేత్తో, గళ్ల కాగితం మీద.

చార్టులు, రిజిస్ట్రేషన్, హెచ్.ఎం. గారి సంతకం అన్నీ తేలిగ్గానే అయిపోయాయి. గుణకారంలో కూడా ఇబ్బంది లేదు. 193707721లో 7 మూడుసార్లు వస్తుంది కాబట్టి 5332867801009 అనే వరుస ఒక్కసారి కట్టుకుని, స్థానాలు జరుపుకుంటూ మూడు చోట్ల రాసుకున్నారు.

జడ్జి దగ్గరికి వచ్చేసరికి మొదలైంది. ఆయన కాగితం వైపు చూడనే లేదు. టేబుల్ మీదున్న ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచి రెండు సంఖ్యలూ కొట్టారు. 147573952589676000000 అని వచ్చింది. "చివర ఆరు సున్నాలున్నాయి, మీరు 412927 అని రాశారు. ఎక్కడో తప్పు చేశారమ్మా" అన్నారు. ఎక్సెల్ 15 అంకెల వరకే నిలబెట్టుకుంటుంది, ఆ తర్వాతవన్నీ సున్నాలు చేసేస్తుంది అని నేను చెప్పబోయాను. "మాస్టారూ, మీరు మాట్లాడకూడదు, కంప్యూటర్ కంటే మీ పిల్లలకి ఎక్కువ తెలుసా?" అని అందరి ముందూ అన్నారు. నా ముఖం మాడిపోయింది. అమ్మాయిల్లో ఒకరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

రెండో అమ్మాయి మాత్రం తగ్గలేదు. "సార్, ఒకదాని చివర 1, ఇంకోదాని చివర 7. లబ్ధం చివర సున్నా ఎలా వస్తుంది సార్? చివరి మూడంకెలు మాత్రం గుణించి చూడండి" అంది. 721ని 287తో గుణిస్తే 206927. చివర 927, మా కాగితం మీదా 927. తర్వాత అంకెలు కూడి చూపించింది: మొదటిదాని మొత్తం 37, రెండోదాని మొత్తం 64, లబ్ధం మొత్తం 109. మూడింటినీ 9తో భాగిస్తే శేషం 1. 1ని 1తో గుణిస్తే 1 కాబట్టి ఇక్కడా లెక్క సరిపోయింది. ఇంత చెప్పినా ఆయన మార్కుల షీటు మూసేసి పక్క స్టాల్‌కి వెళ్లిపోయారు.

పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పలేని మనిషిని జడ్జిగా కూర్చోబెట్టకూడదు. ఇది గట్టిగానే అంటాను.

నిర్వాహకులకి అక్కడికక్కడే కాగితం రాసిచ్చాను. మీరూ అలాగే చెయ్యండి, రేపు చూద్దాం అనుకుంటే ఎవరూ పట్టించుకోరు. సాయంత్రం ఇంకో జడ్జి, రిటైరైన లెక్చరర్ గారు, వచ్చి కూర్చున్నారు. వరుస వరుసకీ వేలు పెట్టి చూశారు. రెండు కారణాంకాల్లో దేన్ని 134తో భాగించినా శేషం 1 వస్తుందని అమ్మాయిలు చెబితే, ఎందుకని అడిగారు. 67కి రెట్టింపు 134, ఈ రకం సంఖ్యల కారణాంకాలన్నీ అలాగే ఉంటాయి అన్నారు పిల్లలు. ఆ లెక్చరర్ గారే మార్కులు దిద్దించారు. రెండో బహుమతి వచ్చింది, జిల్లా స్థాయికి వెళ్తున్నాం. మా పాఠశాల నుంచి మ్యాథ్స్‌లో ఇది మొదటిసారి, నాకు గర్వంగా ఉంది.

వెళ్లేటప్పుడు పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) ఉన్న ఫోనో ల్యాప్‌టాపో వెంట తీసుకెళ్లండి, అందులో 21 అంకెలూ పూర్తిగా వస్తాయి. ఈ టెన్షన్ వద్దనుకుంటే 2 ఘాతం 29 తీసుకోండి. 1 తీసేస్తే 536870911, అంటే 233 × 1103 × 2089. తొమ్మిది అంకెలే కాబట్టి ఎక్సెల్‌లోనూ సరిగ్గానే వస్తుంది.