పిక్చర్ లాక్ అయ్యాక మొదలయ్యే అసలు పని

డైరెక్టర్ లాక్ (ఇక కట్స్ మారవు) అనగానే ఎడిట్ రూమ్‌లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. కానీ అప్పటిదాకా మనం కట్ చేసిందంతా ప్రాక్సీల (అసలు ఫైల్స్‌కి తీసుకున్న తేలికైన కాపీల) మీదే కదా, కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైల్స్ ఇంకా ఆ టైమ్‌లైన్‌లోకి రానే లేదు. ఆఫ్‌లైన్‌లో, అంటే ఆ ప్రాక్సీల ఎడిట్‌లో, తేల్చిన ప్రతి కట్‌నీ ఒరిజినల్స్‌తో ఫ్రేమ్ కూడా తేడా లేకుండా మళ్లీ కట్టాలి, దాన్నే కన్ఫార్మ్ అంటాం, ఆ తర్వాతే కలర్, ఫైనల్ వీఎఫ్ఎక్స్, టైటిల్స్, మాస్టర్ అన్నీ. నేను ఈ పోస్ట్‌లో చెప్పాలనుకున్నది ఒక్కటే: ఈ కన్ఫార్మ్ సాఫీగా జరుగుతుందా లేదా అన్నది లాక్ రోజు తేలేది కాదు, షూట్ మొదటి రోజు కార్డులు కాపీ చేసి ప్రాక్సీలు తీసినప్పుడే సగం తేలిపోతుంది.

టేపుల కాలంలో ఆన్‌లైన్ సూట్ (ఒరిజినల్స్‌తో ఫైనల్ కట్టే గది) గంటల లెక్కన అద్దెకు, అదీ చాలా ఖరీదు. అందుకే ఒరిజినల్ టేపులకి యూమాటిక్ అనే వీడియో క్యాసెట్ కాపీలు తీసి, బొమ్మ మీదే టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేమ్‌కీ గంట:నిమిషం:సెకను:ఫ్రేమ్ లెక్కన ఉండే నంబర్) కనబడేలా వేయించుకుని, చవకైన సెటప్‌లో కూర్చుని కట్స్ అన్నీ తేల్చుకున్నాకే పెద్ద సూట్‌కి వెళ్లేవాళ్లు, చేతిలో ఒక లిస్టు పట్టుకుని. ఆ లిస్టే ఈడీఎల్ (ఎడిట్ డెసిషన్ లిస్ట్). సీబీఎస్, మెమోరెక్స్ కలిసి పెట్టిన సీఎంఎక్స్ కంపెనీ 1971లోనే కంప్యూటర్‌తో ఎడిట్ చేసే మెషీన్ తెచ్చింది, వాళ్ల 3600 ఫార్మాట్ ఈడీఎల్ ఇప్పటికీ చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ఉంది. అందులో ఒక లైన్ ఇలా ఉంటుంది:

003 ఏ014 వీ సీ 14:22:07:11 14:22:10:03 01:00:12:04 01:00:14:20

మూడో ఈవెంట్, ఏ014 అనే రీల్ (షాట్ ఉన్న టేపు లేదా కార్డు పేరు), వీడియో, కట్, ఆ తర్వాత సోర్స్‌లో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, టైమ్‌లైన్‌లో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, అంతే. 24 ఫ్రేమ్‌ల లెక్కన రెండు వైపులా 2 సెకన్ల 16 ఫ్రేమ్‌లు వస్తుంది చూడండి. టైమ్‌లైన్‌ని ఇంకో సిస్టమ్‌కి పంపే ఎక్స్ఎంఎల్, ఏఏఎఫ్ ఫైళ్లు ఇంతకన్నా చాలా మోస్తాయి, ట్రాకులు, రీసైజులు, కొన్ని ఎఫెక్టులు కూడా, కానీ షాట్‌ని వెతికేది మాత్రం ఎక్కువగా ఇదే దారిలో, పేరు, టైమ్‌కోడ్. ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతావి ఎలాగోలా సర్దుకోవచ్చు.

చిక్కు ఎక్కడంటే చాలా సెట్లలో టైమ్‌కోడ్ గడియారం టైమ్‌తో నడుస్తుంది, అంటే సోమవారం 14:22కి ఒక షాట్ ఉంటుంది, మంగళవారం 14:22కీ ఒకటి ఉంటుంది. రీల్ పేరు లేకపోతే సాఫ్ట్‌వేర్ తనకి ముందు దొరికినదాన్ని తెచ్చి పెట్టేస్తుంది. ఫైల్ దొరకలేదని ఎర్రగా చూపిస్తే సంతోషమే, ఎందుకంటే అది కనిపిస్తుంది కాబట్టి వెతుక్కుంటాం, తప్పు షాట్ దర్జాగా వచ్చి కూర్చుంటే మాత్రం అదే లొకేషన్, అదే డ్రెస్, వేరే టేక్, ఎవరికీ అనుమానం రాదు. కొన్ని డ్రోన్లు, చిన్న కెమెరాలైతే ప్రతి క్లిప్‌నీ 00:00:00:00 నుంచే మొదలుపెడతాయి, కార్డ్ ఫార్మాట్ చేయగానే ఫైల్ నంబర్లు కూడా మళ్లీ మొదటికొస్తాయి. అలాంటివాటికి ప్రాక్సీ తీయకముందే వేరే ఎక్కడా రాని పేరు పెట్టి తీరాలి. ఎడిట్ మొదలయ్యాక పేర్లు మార్చడం అంటే లింకులన్నీ తెంపుకోవడమే.

ప్రాక్సీ సైజు ఎంత తగ్గినా పర్లేదు, ఏ కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి) అయినా పర్లేదు, కానీ పేరు, టైమ్‌కోడ్, ఫ్రేమ్ రేట్, ఆడియో చానెళ్ల సంఖ్య మాత్రం ఒరిజినల్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. 23.976ని ఎవరైనా 24 అని రాసేసుకుంటే ఒక గంటకి 3.6 సెకన్లు పక్కకి పోతుంది. ఫోన్‌లో తీసిన ఫుటేజ్ అయితే ఫ్రేమ్ రేటే నిలకడగా ఉండదు, దాన్ని ముందే ఒక స్థిరమైన రేట్‌కి మార్చి, ఆ మార్చిన ఫైల్‌నే ఒరిజినల్ అనుకోవడం మంచిది. ఆస్పెక్ట్ రేషియో కూడా వదలకండి. ఓపెన్ గేట్‌లో (సెన్సార్ మొత్తం వాడుకుని) 4448×3096 తీసి ప్రాక్సీని మాత్రం 1920×1080కి కత్తిరించి ఇస్తే, ఎడిటర్ 130 శాతం జూమ్ చేసిన షాట్ ఆన్‌లైన్‌లో దేనికి 130 అవ్వాలో ఎవరికీ తెలియదు. ప్రీమియర్ సాఫ్ట్‌వేర్‌లో స్కేల్ టు ఫ్రేమ్ సైజ్ వాడితే ఇదే ఇంకో రూపంలో వస్తుంది, బొమ్మ ఫ్రేమ్‌కి సరిపోతుంది గానీ మోషన్ సెట్టింగ్స్‌లో స్కేల్ 100 అనే ఉంటుంది, అవతల సిస్టమ్‌కి అసలు లెక్క చేరదు.

అందుకే మొదటి రోజు ఫుటేజ్‌తో ఒక చిన్న టైమ్‌లైన్ కట్టి (ఒక కట్, ఒక డిజాల్వ్, ఒక రీసైజ్, ఒక స్పీడ్ ర్యాంప్ అంటే మధ్యలో వేగం మారే షాట్, ఒక డ్రోన్ షాట్) కలర్ వాళ్లకి పంపించి కన్ఫార్మ్ చేయించమని నేను ప్రతి టీమ్‌నీ బతిమాలుతాను. ఒక పూట పని, అంతే.

లాక్ అయ్యాక సీక్వెన్స్ డూప్లికేట్ చేసుకుని ఆ కాపీలోనే పని. మల్టీక్యామ్ (చాలా కెమెరాలు కలిపిన క్లిప్) ఫ్లాటెన్ చేసి వాడిన షాట్ మాత్రమే ఉంచాలి, నెస్టులు (టైమ్‌లైన్ లోపల పెట్టిన ఇంకో టైమ్‌లైన్లు) విప్పాలి, డిజేబుల్ చేసి వదిలేసిన క్లిప్పులు తీసేయాలి, షాట్లన్నీ వీలైనన్ని తక్కువ ట్రాకుల్లోకి దించాలి. స్పీడ్ ర్యాంపులు, ప్లగిన్ ఎఫెక్టులు అవతలికి చేరతాయని నమ్మకండి, టైమ్‌కోడ్‌తో సహా విడిగా రాసి ఇవ్వండి.

ఇక రిఫరెన్స్ వీడియో. నా దృష్టిలో ఎక్స్ఎంఎల్ కన్నా ఇదే ముఖ్యం. ఆఫ్‌లైన్ నుంచి టైమ్‌కోడ్ బర్నిన్‌తో (బొమ్మ మీదే కనబడేలా) తీసిన ఫైల్, మొదటి ఫ్రేమ్ 01:00:00:00 అయితే 00:59:58:00 దగ్గర ఒక్క ఫ్రేమ్ టూ పాప్ (బొమ్మ, సౌండ్ కలిశాయో చూసుకునే బీప్). దీన్ని కన్ఫార్మ్ టైమ్‌లైన్ పైన పెట్టి డిఫరెన్స్ మోడ్ (రెండు బొమ్మల మధ్య తేడా మాత్రమే చూపించేది) వేస్తే రెండూ సరిపోయినచోట స్క్రీన్ దాదాపు నల్లగా అయిపోతుంది. పూర్తి నలుపు రాదు, ప్రాక్సీలో లట్ (రంగులు మార్చే సెట్టింగ్) ఉంటుంది, కంప్రెషన్ ఉంటుంది, కాబట్టి మనం చూడాల్సింది అంచుల్ని. ఒక్క ఫ్రేమ్ జరిగి ఉంటే కదిలే చెయ్యికీ ముఖానికీ చుట్టూ సన్నటి గీత మెరుస్తుంది, వెనకాల గోడ మాత్రం నల్లగానే ఉంటుంది. రీసైజ్ తప్పితే గోడ, కిటికీ, మనిషి అన్నిటికీ జంట అంచులు, అది కూడా మధ్యలో సన్నగా, చివర్లకి పోయేకొద్దీ మందంగా. స్పీడ్ ర్యాంప్ తేడా వస్తే షాట్ నల్లగానే మొదలై మెల్లగా వెలుగుతూ పోతుంది. కొన్నాళ్లు చేస్తే ఆ మెరుపు చూడగానే ఏ తప్పో తెలిసిపోతుంది, ఏ ఆటోమేటిక్ రిపోర్టూ ఇంత సూటిగా చెప్పదు. సినిమా మొత్తం ఇలా ఒకసారి చూడాల్సిందే, టైమ్ లేదంటే కలర్‌లో ఒక రోజు తగ్గించుకోండి గానీ దీన్ని ఆపకండి.

ఇప్పుడు ప్రాక్సీ బటన్ ఒక్కటి నొక్కితే ఒరిజినల్ వస్తుంది కదా, ఇదంతా పాత గోల అంటారు కొంతమంది. ఒకే మనిషి, ఒకే సాఫ్ట్‌వేర్‌లో మొదటి నుంచి చివరిదాకా చేస్తే నిజమే, నేనూ అలాగే చేస్తాను. కానీ కలర్ ఇంకోచోట, వీఎఫ్ఎక్స్ ఇంకోచోట అయినప్పుడు ఆ బటన్ ఏం చేయలేదు. వీఎఫ్ఎక్స్‌కి ఈఎక్స్ఆర్ ఫ్రేములు (ఒక్కో ఫ్రేమ్ ఒక్కో బొమ్మ ఫైల్) 1001 నంబర్ నుంచి పంపి ముందూ వెనకా 8 ఫ్రేములు హ్యాండిల్స్ (కట్‌కి బయటి అదనపు ఫ్రేములు) ఇస్తే కట్ 1009 దగ్గర మొదలవ్వాలి, ఆ లెక్క రాసిపెట్టకపోతే తిరిగొచ్చిన ప్రతి షాట్‌నీ చేత్తో జరుపుకోవాల్సిందే.

లాక్ అన్నాక కూడా మార్పులొస్తాయి, అది మన చేతిలో లేదు. వచ్చినప్పుడు ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా కొత్త వెర్షన్ నంబర్, కొత్త ఎక్స్ఎంఎల్, కొత్త రిఫరెన్స్, ఏ టైమ్‌కోడ్ దగ్గర ఎన్ని ఫ్రేములు పెరిగాయో తగ్గాయో ఒక లిస్టు, ఈ నాలుగూ కలర్‌కీ సౌండ్‌కీ వీఎఫ్ఎక్స్‌కీ ఒకేసారి వెళ్లాలి. సౌండ్ వాళ్లని మర్చిపోవడం మరీ ఎక్కువ, రెండు ఫ్రేములే కదా అనుకుంటారు, అక్కడి నుంచి ఆ రీల్ (సినిమాలో ఆ భాగం) చివరిదాకా వాళ్ల పని మొత్తం ఆ రెండు ఫ్రేములు పక్కకి పోతుంది.